మీట నొక్కిన పొగ

టెక్సాస్‌లో ఓక్ కట్టెల నిప్పుచెంత రాత్రియెల్ల మేలుకొని బ్రిస్కెట్ అను గొడ్డు రొమ్ముమాంసమునకు పొగబెట్టు వంటగాండ్రకు, మీట నొక్కినంతనే 107 డిగ్రీల సెల్సియస్ వేడిమిని తానే నిలుపుకొను విద్యుత్ స్మోకర్ పరిహాసాస్పదముగా తోచిన తోచవచ్చును. అయినను, నిప్పునకు కాపుకాయు తీరిక లేని గృహస్థునకు అది వరమేయని నా తలంపు. కొనునపుడు మాత్రము పైమెఱుగును గాక, తలుపు బిగువును, గోడల దళసరిని, తలుపు తెరవకయే చెక్కముక్కలు వేయు వీలును చూడవలెను. మాంసము 65–70 డిగ్రీల యొద్ద గంటలకొలది కదలక నిలిచినపుడు, చెమ్మ ఆవిరియగుచు దానిని చల్లార్చుచున్నదని యెఱిగినవాడు తొందరపడడు. కట్టెమంటలోని వాయువులు మాంసపు అంచున కలిగించు గులాబివన్నె వలయము విద్యుత్ స్మోకర్‌లో అంతగా ఏర్పడదు. ఏర్పడకున్ననేమి, ఆ వన్నెకు రుచి లేదు గదా! మాంసపు లోవేడి 95 డిగ్రీల చేరువకు వచ్చినపుడు, గ్రుచ్చిన పుడక అడ్డులేక దిగినదా, అదియే పరీక్ష.