వణుకు ఎవరిది?

పాత కారు వణుకుతోందంటే ముందు తేల్చాల్సింది ఎప్పుడు వణుకుతోందన్నది. ఇంజన్ వేగాన్ని బట్టా, బండి వేగాన్ని బట్టా? ఇంగ్లండులో మా పక్కింటాయన ఎంజీబీ విషయంలో ఈ ప్రశ్నకి కాస్త బరువుంది. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్డన్‌లో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. గంటకి 60 మైళ్లు దాటితే స్టీరింగ్ వణుకుతోంది. ఆయనకి 78 ఏళ్లు. లోపం కారుదో తన చేతులదో తెలియక, అమ్మేద్దామనుకుంటున్నాడు.

ఖాళీ రోడ్డు మీద నేను నడిపాను. నా చేతుల్లోనూ అదే వణుకు. క్లచ్ తొక్కి ఇంజన్ వేగం పడిపోనిచ్చాను. వణుకు పోలేదు. ఇంజన్ నిర్దోషి.

ఇక మిగిలినవి చక్రాలూ, గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి తిరుగుడు మోసే ప్రొపెల్లర్ షాఫ్టూ. ఈ కారులో చక్రం ఒకసారి తిరిగేలోపు షాఫ్టు దాదాపు 4 సార్లు తిరుగుతుంది. అందుకే షాఫ్టు వణుకు సన్నగా, జుమ్మంటూ సీటు కిందనుంచి వస్తుంది. మాకు తెలుస్తున్నది ముతక వణుకు, అదీ స్టీరింగ్‌లో. 60 మైళ్ల దగ్గర చక్రం సెకనుకి 14 సార్లు తిరుగుతుంది, సరిగ్గా ఆ తీరుది. అంటే ముందు చక్రాలే.

జాకీ మీద ఎత్తి తిప్పితే ఎడమ చక్రం పక్కకి ఊగింది. సైకిల్ చక్రంలా తీగ చువ్వలది. ఒక్కొక్కటే మీటుతూ పోయాను. బిగువుగా ఉన్నవి ఖంగుమన్నాయి, కొన్ని చప్పగా పలికాయి. టైరు పక్కన అచ్చేసిన 4 అంకెలు, తయారైన వారమూ సంవత్సరమూ, దాని వయసు 17 ఏళ్లని చెప్పాయి.

చువ్వలు బిగుస్తాయి, టైర్లు కొత్తవి దొరుకుతాయి. మనిషి వయసుని ముద్దాయిని చేయడానికి క్షణం చాలు. ఒక్కో అనుమానాన్నీ తీసేస్తూ పోవడానికి మాకో సాయంత్రం పట్టింది.