వేపచెట్టు దగ్గర తిరగని బండి

ఏప్రిల్ వచ్చిందంటే ఉయ్యూరులో బందరు రోడ్డు పక్కన తాటిగెలలు దిగుతాయి. ముంజెలు తీసిచ్చాక అమ్మేవాళ్లు ఖాళీ కాయల్ని పక్కన కుప్పపోస్తారు. నేను వెళ్లిన రోజు పొద్దున ఆ కాయలు రెండు సంచుల నిండా ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల వరండాలో ఉన్నాయి. ఒంటిపూట బడులు కావడంతో ఎండెక్కకముందే ప్రార్థన అయిపోయింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల వాళ్లను ఒకే గదిలో కూర్చోబెట్టారు. ఉన్నది ఇద్దరే టీచర్లు. రెండో ఆమె పక్క గదిలో ఒకటి, రెండు తరగతులు చూసుకుంటున్నారు.

చిన్న పిల్లలకు డిజైన్, టెక్నాలజీ నేర్పుతున్నారని విని వెళ్లాను. గదిలో కంప్యూటరు లేదు. గోగునార తాడు, కొబ్బరి చిప్పలు, పంగల కర్రలు, పాత సైకిల్ ట్యూబు ముక్కలు ఉన్నాయి. కాయలకు బెజ్జాలు పెట్టే పని, కత్తి పని టీచరువే.

"ఈ కాయలతో బండి చెయ్యమంటే పది నిమిషాల్లో చేసేస్తారండీ. ఊళ్లో పిల్లలు కదా, అందరికీ వచ్చు. అందుకే బండికో పని పెట్టా," అన్నారామె.

పని ఇదీ. కుళాయి దగ్గర కొబ్బరి చిప్పలో నీళ్లు పోసుకోవాలి. బండి తోసుకుంటూ వేపచెట్టు చుట్టూ తిరిగి, గేటు పక్కన మొక్కల దగ్గరికి చేరాలి. చిప్పలో సగం నీళ్లయినా మిగలాలి. జట్టులో అందరికన్నా పొట్టివాళ్లు తోసినా, పొడుగువాళ్లు తోసినా పని జరగాలి.

ముందు కాగితం మీద బొమ్మ గీయాలి. అది ఒప్పుకున్నాకే సామాను ఇస్తారు. ఐదో తరగతి అబ్బాయి ఒకడు రెండు చక్రాలు, మధ్యలో పుల్ల, ఒక పొడుగు కర్ర గీసి తెచ్చాడు.

"ఈ కర్ర ఇరుసును ఎక్కడ పట్టుకుంటది?"

వాడు వేలు పెట్టి చూపించాడు. అక్కడ బొమ్మలో ఏమీ లేదు.

"ఆ జాగా ఒక్కటే పెద్దగా గీసుకురా."

రెండోసారి తెచ్చిన కాగితంలో పంగ, పంగ మధ్య ఇరుసు, అది జారిపోకుండా అడ్డంగా కట్టిన తాడు ఉన్నాయి. ఇలా ముందు గీయించడం ఇంకోచోటా జరిగింది. ముంబైలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రంలో చిత్రా నటరాజన్, సుగ్రా చునావాలా బృందం మాధ్యమిక తరగతుల పిల్లలతో సంచులు, గాలిమర నమూనాలు, తోలుబొమ్మల వంటివి చేయించి చూసింది. అక్కడా చేతికి సామాను ఇచ్చేముందు బొమ్మలు గీయించారు. పిల్లవాడు ఏం ఆలోచిస్తున్నాడో, ఎక్కడ ఆలోచించడం మానేశాడో ఆ గీతల్లో పంతులుకు దొరుకుతుంది.

మొదటి జట్టు చిప్పను కర్రకు గట్టిగా కట్టేసింది. పొడుగు పిల్లవాడు తోస్తే బాగానే ఉంది. మూడో తరగతి బుడ్డోడి చేతికిచ్చేసరికి కర్ర వాలిపోయింది, దాంతోపాటు చిప్పా వాలింది. కుళాయి దాటకముందే నీళ్లన్నీ నేలపాలు. రెండో జట్టు చిప్పను మూడు తాళ్లతో ఉట్టిలా వేలాడదీసింది. ఎవరు తోసినా చిప్ప నిటారుగానే ఉంది కానీ గతుకుల్లో ఊగి కాసిని నీళ్లు చిందాయి. అయినా సగానికి పైనే మిగిలాయి. మొదటి జట్టు వాళ్లు వెంటనే తాడు విప్పబోతుంటే టీచరు ఆపారు. "ఎందుకు ఒలికాయో రాశాక విప్పండి." ఒకడు మూడు ముక్కల్లో తేల్చేశాడు: 'మేం పొడుగోడికే చేశాం.'

అసలు చిక్కు చెట్టు దగ్గర వచ్చింది. తిన్నగా పోయినంతసేపూ పరిగెత్తిన బండ్లన్నీ మలుపులో మొరాయించాయి. నాలుగో తరగతి అమ్మాయి ఒకతె తోయడం ఆపి, దుమ్ములో చక్రాల జాడ చూస్తూ గొంతుక్కూర్చుంది. బయటివైపు జాడ సాఫీగా ఉంది. చెట్టువైపు జాడ చెరిగిపోయి, మట్టి పక్కకు నెట్టినట్టుంది.

"టీచర్, ఇది తిరగట్లేదు, ఈడ్చుకుపోతంది."

"ఎందుకంటావ్?"

సమాధానం చెప్పకుండా ఆ అమ్మాయి తాడు తీసి రెండు జాడల మీదా పరిచి కొలిచింది. బయటి జాడ పొడుగు. రెండు కాయలూ ఒకే పుల్లకు బిగిసి ఉన్నాయి కాబట్టి రెండూ ఒకేసారి, ఒకేలా తిరగాలి. నడవాల్సిన దూరాలు మాత్రం వేరు. అందుకే ఒకటి జారక తప్పదు. పాఠ్యపుస్తకంలో వృత్తాల చుట్టుకొలత లెక్క వీళ్లకు ఇంకా రాలేదు.

మార్గం కూడా ఆ జట్టుకే తోచింది. ఒక కాయ బెజ్జం పెద్దది చేసి ఇరుసు మీద వదులుగా తిరగనిచ్చారు. అది ఊడిపోకుండా ఇరుసు కొసకు ట్యూబు ముక్క తొడిగారు. రెండో విడతలో ఆ బండి చెట్టు చుట్టూ తిరిగింది. పాత ఎడ్లబండిలో ఉన్న ఏర్పాటూ ఇలాంటిదే: ఇరుసు కదలదు, చక్రాలు దేనికది తిరుగుతాయి, ఊడకుండా కడచీల ఉంటుంది. ఆ పిల్లలెవరూ ఎడ్లబండి కట్టగా చూసినవాళ్లు కారు. అవసరం వాళ్లను అక్కడికి చేర్చింది.

"మరి ట్రాక్టరు ఎట్టా తిరుగుద్ది టీచర్?" అని ఎవడో అడిగాడు. చెరకు తోలే ట్రాక్టర్లు చూస్తూ పెరిగిన పిల్లలు అడగాల్సిన ప్రశ్నే.

మర్నాడు వరుస కట్టించి మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లారు. కేసీపీ చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ ట్రాక్టరు మరమ్మతులకు కొదవ లేదు. ఒక బండి వెనక చక్రాలు రెండూ నేలకు తగలకుండా దుంగల మీద నిలబెట్టి ఉన్నాయి. పిల్లల్ని దూరంగా నిలబెట్టి, ఇంజన్ ఆపి ఉండగానే గేరు వేసి, మేస్త్రీ ఎడమ చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పాడు. కుడి చక్రం వెనక్కి తిరిగింది. పిల్లలు ఘొల్లున నవ్వారు, మళ్లీ తిప్పమన్నారు. "లోపల డిఫరెన్షియల్ ఉంటదమ్మా. ఒకటి నెమ్మదిస్తే ఆ వేగం రెండోదానికి ఇస్తది," అన్నాడతను. వెనక తగిలించే ట్రక్కుకు ఆ బాధ లేదని, దాని చక్రాలు దేని బేరింగు మీద అది తిరుగుతాయని చూపించాడు. "మాదీ అంతే!" అని నాలుగో తరగతి అమ్మాయి జట్టు అరిచింది.

చేతిని, చదువును కలపాలన్న ఆలోచన ఈ కృష్ణా డెల్టాకు కొత్త కాదు. ఇదే రోడ్డు చివర బందరులో 1910లో కోపల్లె హనుమంతరావు ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ఆయనకు తోడు నిలిచారు. అక్కడ చదువుతో పాటు చేతిపనులూ పాఠాలే. 1937లో గాంధీజీ వార్ధాలో చెప్పిన నయీ తాలీంలోనూ పనే చదువుకు ఇరుసు. 1980ల్లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మన రాష్ట్రంలో మొదలైన ప్రాథమిక విద్యా పథకం 'ఏపెప్' సూత్రాల్లో చేసి నేర్చుకోవడం, చుట్టుపక్కల పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గదిలో ప్రదర్శించడం ఉన్నాయి. ఇంగ్లండులో 1990 నుంచి డిజైన్, టెక్నాలజీ ఐదేళ్ల పిల్లల నుంచే ఒక సబ్జెక్టు.

మన దగ్గర ఇప్పుడు డబ్బు, పరికరాలు ఉన్నచోట చిన్నపిల్లలు లేరు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులకు బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు కానీ అవి ఆరో తరగతి నుంచే. 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన పది రోజుల సంచి లేని బడి కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతులకే. ఎందుకు, ఎలా అని విసుగులేకుండా అడిగే వయసు మాత్రం అంతకు ముందే.

కింది తరగతుల వాటాకు వచ్చింది ప్రాజెక్టు పని. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) పద్ధతితో దానికి మార్కులు వచ్చాయి. మార్కులు రాగానే పని నాన్న చేతికో, స్టేషనరీ షాపుకో పోయింది. థర్మోకోల్ ఇల్లు, మెరుపు కాగితం, షాపులో కొన్న చార్టు. అందులో పిల్లవాడిది పేరొక్కటే. అది ఎక్కడా చెడిపోదు, ఎందుకంటే దాంతో చేయాల్సిన పని ఏదీ లేదు.

టీచరుకు ఇబ్బందులు లేకపోలేదు. బొమ్మలు, బండ్లు, రెండో విడత కలిపి పూట గడిచింది, ఎక్కాలు వెనకబడ్డాయి. గది ఊడ్చుకోవడం అదనపు పని. సగం చేసిన వస్తువులు దాచడానికి బీరువా లేదు. ఒక తాత గేటు దగ్గరికొచ్చి, "ఏంటమ్మా, ముంజికాయలతో ఆడించడానికా బడికి పంపేది?" అన్నాడు. ఆమె వాదించలేదు. మనవరాలిని పిలిచి, "చెట్టు దగ్గర బండి ఎందుకు ఆగిందో తాతయ్యకు చెప్పమ్మా," అన్నారు. ఆ పిల్ల తాడు తెచ్చి రెండు జాడలూ కొలిచి చూపించింది. తాత ఒప్పుకున్నాడనను కానీ, ఎడ్లబండికి కందెన ఎందుకు పెడతారో అతనే మనవరాలికి చెప్పడం మొదలుపెట్టాడు.

చిన్న పిల్లలకు ఈ విద్య నేర్పడానికి ల్యాబు కోసం ఆగక్కర్లేదని ఆ బడి చూశాక నాకు అనిపించింది. ముంజికాయల కాలం పోతే అట్టపెట్టెలు, వెదురు బద్దలు ఉన్నాయి. దొరకనిది రెండోసారి చేసే వ్యవధి. మొదటి బండి ఆటే. అది ఎందుకు ఆగిందో కనుక్కుని మార్చిన రెండో బండిలోనే చదువు ఉంది. టైంటేబుల్లో వారానికి ఒకసారైనా వరసగా రెండు పీరియడ్లు దీనికి కలిసి రావాలి. ప్రాజెక్టు మార్కుల కాగితంలో అందం, శుభ్రత పక్కన ఇంకో గడి గీయాలి: మొదటిసారి ఏం పోయింది, రెండోసారి ఏం మార్చావు? ఆ గడిని నాన్న నింపలేడు, షాపువాడు అమ్మలేడు.