హజ్ ఓడలు కదిలిన రేవు

ఈద్ తరువాతి సెలవుల్లో కుటుంబ సమేతంగా మచిలీపట్నం వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. పెద్దపల్లి నుండి విజయవాడ వరకు రైలు, ఆపైన బస్సు.

కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యపు హజ్ యాత్రికులు ఈ రేవులో ఓడలెక్కి ఎర్రసముద్రం వైపు సాగేవారు. 1605లో డచ్చివారు ఇక్కడ వర్తకం ప్రారంభించారు. 1864 నాటి ఉప్పెనలో వేలాది మంది మరణించారు. బందరుకోట శిథిలాలనూ, పెడన కలంకారీ అద్దకాన్నీ పిల్లలకు చూపాలి.

అయితే ఈ ప్రయాణం అసలు అమ్మీజాన్ కోసం. మోకాళ్ళ నొప్పులతో హజ్ ఆశ సన్నగిల్లిన ఆమె, "ఆ ఓడలు పోయిన సముద్రమన్నా చూపించు బేటా" అన్నారు. సముద్రం చూడడం హజ్‌కు సాటి రాదని ఆమెకూ తెలుసు.

మూడు రోజుల బస కనుక జుహ్ర్, అసర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాతులే. మంగినపూడి తీరంలో అమ్మీజాన్ నడవలేరు. మడత కుర్చీ వెంట తీసుకువెళ్తున్నాము.