దివిసీమకు సైకిలు యాత్ర

మా మరదికి సైకిలును, కెమెరాయును, కంప్యూటరుపై చిత్రరచనయు ననిన ప్రాణము. ఆతడు గుడివాడనుండి బయలుదేరి, పెడన కలంకారీ యద్దకములను చూచుచు బందరు చేరి, చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డలమీదుగా దివిసీమకు పోవును. కృష్ణ సముద్రమున గలియు హంసలదీవివరకు నేల చదునే, ఎదురుగాలియే కొండ.

1977 నవంబరు 19వ తేదీ నాటి యుప్పెన యీ సీమలో వేలమందిని మ్రింగెను. పెక్కిండ్ల పటములును నీటిపాలయ్యెను. మిగిలిన యొక పటమును, అది తన తల్లిదని చెప్పి, యొక వృద్ధురాలు బాగుచేయుమని యాతని కిచ్చెను. ఉప్పునీట సగము మోము చెరగినది. లేని కన్నును యంత్రము కల్పింపగలదు. “అది మా అమ్మ కన్ను కాదు గదా, బాబూ!” అని యామె వారించెను. ఆతడు మరకలను మాత్రము తుడిచి, లేనిదానిని లేనట్లే విడిచెను.

మీ పెట్టెలలోని పాత పటములకు నకళ్ళు నేడే తీయించి, వేరొక యూర బంధువుల యింట దాచుడు.