డబ్బా మీద పేరు వేరు, లోపలి ఆయిల్ వేరు

అమెరికాలో వాల్‌మార్ట్‌కి 'సూపర్‌టెక్', కాస్ట్‌కోకి 'కిర్క్‌లాండ్' ఉన్నట్టు సొంత పేరుతో ఇంజన్ ఆయిల్ అమ్మే సూపర్ మార్కెట్ మా వరంగల్‌లో నాకైతే కనిపించలేదు. మన దగ్గర ఆ పని బండ్ల కంపెనీలు చేస్తున్నాయి. షోరూంలో సర్వీసింగ్‌కి ఇస్తే బండి కంపెనీ పేరున్న 'జెన్యూన్ ఆయిల్' పోస్తారు. ఆ కంపెనీకి చమురు బావీ లేదు, రిఫైనరీ లేదు. వేరెవరో తయారు చేసిస్తే తన పేరు వేసుకుంటుంది, అంతే.

ఇందులో తప్పేం లేదు. కానీ కంపెనీ మంచిచెడ్డలు చూసి కొనాలనుకునే వాళ్ళకి ఇక్కడే చిక్కు. ఎవరి మంచిచెడ్డలు చూడాలి?

మొదటి ఆధారం డబ్బా వెనకాలే ఉంటుంది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం తయారుచేసిన వాళ్ళ పేరు, అడ్రసు వేసి తీరాలి. చీమ తలకాయంత అక్షరాల్లోనైనా సరే, ఉంటుంది. అయితే అక్కడ దొరికేది బేస్ ఆయిల్‌లో ఎడిటివ్స్ కలిపిన వాళ్ళ పేరు మాత్రమే. ఆ రెండూ ఎక్కణ్ణుంచి వచ్చాయో ఉండదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది రోజూ ఉండే బాధే. ఒక లైబ్రరీ తెచ్చుకుంటే అది తనతోపాటు ఇంకో పదింటిని లాక్కొస్తుంది.

ఉదాహరణకి షెల్ అంటే పడని వాళ్ళున్నారు. 1995లో నైజీరియా సైనిక ప్రభుత్వం కెన్ సారో-వివాని, మరో ఎనిమిది మందిని ఉరితీసింది. అందులో షెల్‌కి పాత్ర ఉందని వాళ్ళ కుటుంబాలు అమెరికాలో కేసు వేశాయి. 2009లో షెల్ తప్పు ఒప్పుకోకుండానే కోటీ 55 లక్షల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. సరే, షెల్ డబ్బా కొనం. కానీ ఎడిటివ్స్ చేసే పెద్ద కంపెనీలు ప్రపంచం మొత్తమ్మీద ప్రధానంగా నాలుగే. వాటిలో ఒకటైన ఇన్ఫినియం ఎవరిదనుకున్నారు? ఎక్సాన్, షెల్ కలిసి 1999లో పెట్టింది! వేరే పేరున్న డబ్బాలో షెల్ వాటా ఉందో లేదో మనకెలా తెలుస్తుంది?

ఓనర్లూ మారిపోతుంటారు. కాస్ట్రాల్‌ని 2000లో బీపీ కొంది. 2010లో మెక్సికో గల్ఫ్‌లో 11 మంది చనిపోయిన ప్రమాదం ఆ బీపీ బావిలోదే. అదే బీపీ కాస్ట్రాల్‌లో 65 శాతం అమ్మేస్తున్నట్టు 2025 డిసెంబర్లో ప్రకటించింది. వాల్వోలీన్ ఆయిల్ వ్యాపారం 2023లో సౌదీ ఆరామ్‌కో చేతికి పోయింది.

"ఈ విదేశీ గోలెందుకు, మన సర్కారు కంపెనీది కొంటే పోలా" అంటారు. విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో 1997 సెప్టెంబర్లో మంటలు లేచి అరవై మంది దాకా పోయారు. 2013 ఆగస్టులో మళ్ళీ అక్కడే ఇరవై మందికి పైగా. జెండా చూసి కొంటే నీతి సమస్య తీరిపోదన్నమాట.

ఇదంతా చెప్తే మా మెకానిక్ నవ్వాడు. "అందరూ అంతే గద సార్, ఏదేస్తే ఏంది?" అన్నాడు. ఆ మాటతో మాత్రం నేను ఒప్పుకోను. అందరూ ఒకటే అనేస్తే అందరికన్నా చెడ్డవాడికే లాభం. తెలిసిన చెడుని కొనకపోవడం మంచిదే. కాకపోతే దాంతో చేతులు దులుపుకోకూడదు.

నా మటుకు నేను రెండు చూస్తాను. ఒకటి, తయారీదారు పేరు, ఏపీఐ గ్రేడు, బైకుకైతే జాసో ఎంఏ గుర్తు, ఇవి స్పష్టంగా ఉన్నాయా లేవా. ఉంటే చవక రకమైనా, షోరూం పేరుదైనా కొంటాను. ఎవరు చేశారో దాచిన డబ్బా ఎంత చవకైనా వద్దు.

రెండోది, తీసేసిన పాత ఆయిల్ ఎటు పోతోంది? చట్టం దృష్టిలో అది ప్రమాదకర వ్యర్థం. కానీ సెంట్రింగ్ రేకులకి పూస్తారు, కొలిమిలో కాలుస్తారు, ఏమీ తోచకపోతే మోరీలో పోస్తారు. కాకతీయులు చెరువులు తవ్వించిన చోట మోరీలో పోసింది ఏదో ఒక చెరువుకి చేరకుండా ఉంటుందా? పాత ఆయిల్ రీసైకిల్ చేయించే బాధ్యత 2024 ఏప్రిల్ నుంచి తయారీదారుల మీద, దిగుమతిదారుల మీద పెట్టారు. ఆ గొలుసులో మొదటి కొస మాత్రం మనం బండి ఇచ్చే షెడ్డే. డ్రమ్ములో పట్టి, లైసెన్సున్న రీసైక్లర్‌కి ఇస్తున్నారా అని అడగండి. ఇస్తున్నామని రసీదు చూపించే చోట యాభై రూపాయలు ఎక్కువైనా ఇవ్వొచ్చు.

ఇంకో చిన్న పని కూడా ఉంది. ఖాళీ డబ్బాకి అక్కడే స్క్రూడ్రైవర్‌తో ఒక పోటు పొడిపించండి. లేకపోతే అదే డబ్బా డూప్లికేట్ ఆయిల్‌తో ఇంకొకరి ఇంజన్‌కి చేరుతుంది. మంచి కంపెనీ అని మనం ఏరుకున్న పేరు మీదే ఆ మోసం జరుగుతుంది.