పుప్పాలగూడ మేడల మీద భైరి డేగలు

గోల్కొండ కోటకు పడమటగా ఉన్న పుప్పాలగూడ ఒకప్పుడు రాళ్ళ గుట్టల నడుమ ఒక పల్లె. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత పట్టణం ఇటువైపు పెరుగుతూ వచ్చింది. ఇప్పుడు ఆ గుట్టల పక్కన తల పైకెత్తి చూడవలసిన మేడలు నిలిచాయి. మన పల్లెల నుండి వెళ్ళిన పిల్లలు అనేకులు వాటిలో పని చేస్తున్నారు. మా సంఘస్థుల కుమారుడొకడు అక్కడ రాత్రి కాపలా ఉంటాడు. ఫిబ్రవరి నెలలో చూడబోయినప్పుడు, పొద్దు పొడిచే వేళ నన్ను పైఅంతస్తుకు తీసుకువెళ్ళాడు.

"ఇది గద్ద కాదయ్యగారూ. ఇది వచ్చిందంటే పావురాలన్నీ ఒక్కసారే లేచిపోతాయి" అన్నాడు.

ఎదుటి మేడ అంచున రెండు పక్షులు కూర్చున్నాయి. నల్లని తల, చెంపల మీద మీసమువంటి చార, ఇటుక రంగు పొట్ట. ఇవి మన దేశపు భైరి డేగలు. షాహీన్ అని కూడా అంటారు. చలికాలంలో ఉత్తర దేశాల నుండి వచ్చే భైరి డేగలకు పొట్ట తెల్లగా ఉంటుంది, అవి వేసవికి తిరిగి వెళ్ళిపోతాయి. షాహీన్ ఇక్కడిదే. ఎత్తు నుండి వేట మీదికి దూకేటప్పుడు దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. ఈ భూమి మీద అంత వేగం గల జంతువు మరొకటి లేదు.

పెద్దది ఆడది. మగది చిన్నది, ఆ దినాలలో వేట భారమంతా దానిదే. కొంతసేపటికి మగది ఒక చిలుకను పట్టి తెచ్చింది. ఆడది ఎగిరి ఎదురు వెళ్ళి గాలిలోనే దానిని అందుకుంది. గుడ్లు పెట్టే కాలానికి ముందు ఈ జంటలు ఇలాగే చేస్తాయి.

యోబు గ్రంథం 39వ అధ్యాయంలో డేగను గూర్చి, బండకొనను నివాసం చేసుకున్న పక్షిరాజును గూర్చి చదువుతాము. భైరి డేగ కూడా బండ పక్షియే. అయితే పుల్లలు తెచ్చి గూడు కట్టడం దానికి తెలియదు. చరియ మీద కాస్త మన్నో గులకో ఉన్నచోట రొమ్ముతో అదిమి, కాళ్ళతో గీకి, చిన్న గుంట చేసుకొని మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. నెల రోజులు పొదగాలి. నున్నని సిమెంటు మీద గుడ్డు నిలువదు, దొర్లిపోతుంది. కెనడాలోని మాంట్రియల్ నగరంలో సన్ లైఫ్ అనే భవనం మీద ఒక జంటకు ఇదే కష్టం వచ్చింది. 1940లో అక్కడివారు ఆ అంచు మీద కంకర పోసిన పెట్టె ఉంచారు, పిల్లలు లేచాయి. ఎత్తు ఎంత ఉన్నా చాలదు, దోసెడు గులక కావాలి.

పుప్పాలగూడలో ఇదే విచిత్రం. సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి బండలను మందుగుండుతో పగులగొట్టి కంకరగా లారీలకెత్తుతున్నారు. ఆ కంకరతో కట్టిన మేడ అంచున పిడికెడు కంకర లేదు! హైదరాబాదు రాళ్ళను కాపాడాలని 1996లోనే ఒక సంఘం ఏర్పడింది. కొన్ని గుట్టలు నిలిచాయి, చాలా పోయాయి. ఇసుక పళ్ళెం ఒకటి పైన పెట్టనిమ్మని మా కుర్రవాడు మేడవారిని అడిగాడు. ఇంకా జవాబు రాలేదు.

గుడ్డుకు మరో గండం ఉంది, అది మన పొలాల వైపునుండి వచ్చేది. పైరు మీద చల్లిన డి.డి.టి. గింజల ద్వారా, పురుగుల ద్వారా చిన్న పిట్టలలోనికి, వాటి నుండి డేగలోనికి చేరి కొవ్వులో పేరుకుంటుంది. గుడ్డు పెంకు పలుచనై తల్లి బరువుకే చితికిపోతుంది. 1967లో ఇంగ్లండులో డెరెక్ రాట్‌క్లిఫ్ పాత గుడ్లనూ కొత్త గుడ్లనూ తూచి దీనిని వెల్లడి చేశారు. అమెరికా 1972లో డి.డి.టి.ని నిషేధించింది. అక్కడ భైరి డేగ మెల్లగా కోలుకొని, 1999లో అంతరించే జీవుల జాబితా నుండి బయటపడింది. మన దేశంలో వ్యవసాయానికి దాని వాడకం 1989లో ఆగింది. ఇతర మందులు మాత్రం మన చేలలో ఉన్నవి. ఆ ఉదయం డేగకు చిక్కిన చిలుక ఏ పల్లె జొన్నచేలో మేసి వచ్చిందో!