ఊరి నాటకం కోసం పుట్టిన రికార్డు

రాత్రి నుంచి ఒకే రికార్డు తిప్పి తిప్పి వింటున్నాను.

ఇంగ్లండులో, ససెక్స్ ప్రాంతంలో డిచ్లింగ్ అని ఒక పల్లె. అక్కడి నాటక సమాజం వాళ్లు ‘ఆలిస్ త్రూ ద లుకింగ్ గ్లాస్’ ఆడుతుంటే పీటర్ హోవెల్, జాన్ ఫెర్డినాండో అనే ఇద్దరు కుర్రాళ్లు సంగీతం కట్టారు. ఇంట్లోనే టేప్ రికార్డర్ల మీద పాటలు ఎక్కించుకున్నారు. 1969లో తమంతట తామే కొద్ది కాపీలు అచ్చు వేయించుకున్నారు. కంపెనీ లేదు, ప్రచారం లేదు. వినేవాళ్లంతా దాదాపు తెలిసినవాళ్లే. ఆ చనువు పాటల్లో వినిపిస్తుంది. పక్కగదిలో ఎవరో మనకోసమే మెల్లగా పాడుతున్నట్టుంటుంది.

తర్వాత 1973లో ‘ఇథాకా’ పేరుతో ఇంకో ఆల్బమ్ చేశారు. అదీ 99 కాపీలే! (ఆ రోజుల్లో వందలోపు కాపీలైతే పన్ను బాధ ఉండేది కాదు.) నా మటుకు వాళ్ల పనిలో గొప్పది ఈ ఆల్బమే.

మరుసటేడు హోవెల్ బీబీసీలో కార్యక్రమాలకు ధ్వనులు, సంగీతం తయారుచేసే రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో చేరాడు. 1980లో ‘డాక్టర్ హూ’ అనే టీవీ సీరియల్ టైటిల్ సంగీతాన్ని సింథసైజర్ల మీద కొత్తగా కట్టింది ఆయనే. దాన్ని లక్షలమంది విన్నారు. ఈ చిన్న రికార్డుల పాటల్ని కూడా ఒక్కసారి, దీపాలార్పి, వినండి.